హాల్దిస్ పావడా

ఆ పొద్దున ఆకాశం కొండ మీదికి దిగి కూర్చుంది. కొండ సగానికి మబ్బు. మబ్బు కింద సన్నటి వెలుగు పట్టీ. ఆ పట్టీలో సముద్రం తగరపు రేకులా కదలకుండా ఉంది. గాలి లేదు. గాలి లేని పూట స్కాల్‌వేర్ దీవిలో మనిషి తుమ్మినా అవతలి ఒడ్డుకు వినిపిస్తుంది. పడవ ఇంజను తిప్పడానికి చక్రం మీద చెయ్యి వేసిన ఐలెర్ట్‌కు వదిన గొంతు వినబడింది అందుకే.

అది అరుపు కాదు. హాల్దిస్ మే నెలలో అరవదు. పక్క గదిలో ఉన్నవాణ్ణి పిలిచినట్టు "ఐలెర్ట్" అంది, అంతే.

అతను రాళ్ల మీదుగా వెళ్లి చూస్తే, ఆరబోసిన నాచు పక్కన ఆమె కూర్చుని ఉంది. పంగల కర్ర ఒకవైపు పడి ఉంది. కుడి పాదం ఉండాల్సిన వైపు లేదు.

"జారాను" అంది.

"కనబడుతోంది."

"చూస్తూ నిలబడకు. ముందు ఆ నాచు తిరగెయ్యి. అడుగున ఇంకా తడి ఉంది."

ఐలెర్ట్ నాచు తిరగేశాడు. చలికాలమంతా ఒడ్డున పడి మగ్గిన నాచు, పైన ఎండి గలగలమంటోంది, కింద చీకిన తోలులా ఉంది. చివరిదాకా తిరగేసి, కర్రను రాయికి ఆనించి, అప్పుడు వదినను ఎత్తుకున్నాడు. ఆమె బరువైన మనిషి. దారంతా ఒక్క మూలుగు లేదు. అతని భుజం మీంచి వెనక్కి, కయ్యలోకి చూస్తూనే ఉంది. ఒడ్డుకీ చిన్న రాతిదిబ్బకీ నడుమ ఉన్న ఆ సన్నటి నీటిపాయలో ఈడర్ బాతులు జంటలు జంటలుగా తేలుతున్నాయి. గోధుమరంగు ఆడవి, నలుపూ తెలుపూ మగవి. గట్టెక్కాలా వద్దా అన్నట్టు మెడలు చాచి దీవి వైపు చూస్తున్నాయి.

"ఇవాళో రేపో ఎక్కుతాయి" అంది హాల్దిస్, అతని చెవి దగ్గర.

మధ్యాహ్నానికి పెద్ద దీవి నుంచి నర్సమ్మ వచ్చింది. ఇంజను చప్పుడుకు బాతులు బెదురుతాయని ఆమె పడవను తూర్పు రేవుకు రానివ్వలేదు హాల్దిస్. పడమటి రేవులో దిగి, మంచి బూట్లతో కొండ దాటి నడిచి రావాల్సి వచ్చింది పాపం. కాలికి సిమెంటు కట్టు కట్టి, జూన్ చివరిదాకా పాదం నేల మీద మోపకూడదని చెప్పింది. హాల్దిస్ మేక అరుపు విన్నట్టు విని, సరే అంది.

నర్సమ్మ వెళ్లాక వంటింట్లో ఇద్దరే మిగిలారు. కిటికీలోంచి బాతుల గట్టు కనిపిస్తుంది. రాళ్లు పేర్చి, కొట్టుకొచ్చిన పలకలు కప్పి కట్టిన గూళ్లు గడ్డిలో అక్కడొకటి ఇక్కడొకటి. బాతులు అడవి పక్షులే, ఎవరి సొత్తూ కావు. కానీ ఏటా గట్టెక్కి ఆ గూళ్లలోనే గుడ్లు పెడతాయి, పిల్లలతో నీళ్లలోకి దిగాక గూటిలో వదిలిన మెత్తటి నూగును హాల్దిస్ ఏరి, దుప్పట్లలో కూరేవాళ్లకు అమ్ముకుంటుంది. ఆమె అత్తా, అత్తకు అత్తా అదే చేశారు. నిరుడు సగం గూళ్లు ఖాళీగా ఉండిపోయాయి. దక్షిణాన ఉన్న దీవులకేసి చూస్తే ఆ తర్వాత ఏమవుతుందో తెలుస్తుంది. అక్కడ గూళ్లు చూసుకునే మనిషి లేకుండా ఒక్క వసంతం గడిచింది. మళ్లీ ఏడు ఒక్క బాతూ గట్టెక్కలేదు. ఆ మళ్లీ ఏడూ అంతే. ఇప్పుడు అక్కడ కూలిన రాళ్లూ సముద్రపు కాకులూ తప్ప ఇంకేమీ లేవు.

"గూళ్ల దగ్గర నేను తిరుగుతాను" అన్నాడు ఐలెర్ట్.

హాల్దిస్ అతని వైపు తిరగలేదు. "నువ్వా? ఈ దీవి బాతులకు నీ మొహం తెలియదు గానీ నీ ఇంజను బాగా తెలుసు."

ఆ మాట కొత్తది కాదు. గుడ్ల నెలలో కయ్య దాటేదాకా తెడ్లు వేసుకుని పొమ్మని ఆమె ప్రతి వసంతమూ అడుగుతుంది. సముద్రం అందరిదీ అని అతను ప్రతి వసంతమూ అంటాడు. అన్న యోర్గెన్ బతికున్నప్పుడు ఇద్దరికీ నడుమ ఆయన కూర్చుని పొగాకు నములుతూ ఉండేవాడు. ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీ.

"గూళ్లలో నాచు ఎవరు పెడతారు మరి?" అన్నాడు.

ఆమె తలుపు వెనక మేకు వైపు గడ్డంతో చూపించింది. వెలిసిపోయిన నీలం కోటు, ముతక ఉన్ని పావడా, బూడిదరంగు తలగుడ్డ వేలాడుతున్నాయి. "రోజూ అవే. నీళ్లలోంచి చూస్తుంటాయవి. బట్టలు మారితే మనిషి మారినట్టే. వంగి నడు. కళ్లలోకి చూడకు. దగ్గు వస్తే మింగు. పాట పాడకు."

"నేను పాడను."

"తెలుసు. బాతుల అదృష్టం."

మర్నాడు తెల్లవారుతూనే ఐలెర్ట్ కోటు తొడుక్కున్నాడు. భుజాల దగ్గర బిగిసింది. తలగుడ్డ చుట్టుకున్నాడు. పావడాను చేత్తో పట్టుకుని కొంతసేపు చూసి, మళ్లీ మేకుకు తగిలించాడు. దానికి కారణం ఉంది. గట్టుకు వెళ్లే దారి తూర్పు రేవు పక్కనుంచి పోతుంది. రేవులో ఓద్వార్ తన పడవను బోర్లించి తారు పూస్తున్నాడు. ఓద్వార్ ఐలెర్ట్‌తో కలిసి బడికి పోయినవాడు. దీవిలో ఇంజను పడవలు రెండే, ఒకటి అతనిది. అతని నోరు కూడా ఇంజనులాంటిదే, ఒకసారి రాజుకుంటే ఆగదు.

తలగుడ్డ చూసే ఓద్వార్ కుంచె తారు డబ్బాలో వదిలేశాడు. ఐలెర్ట్ దాటిపోయేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు వీపున గుచ్చుకుంది.

అప్పటికే కొన్ని బాతులు గట్టెక్కి ఉన్నాయి. ఒక ఆడది ముందు, మగది వెనక, ఇల్లు చూడటానికి వచ్చిన కొత్త దంపతుల్లా ఒక్కొక్క గూటి ముందు ఆగి లోపలికి తొంగిచూస్తున్నాయి. ఐలెర్ట్ నాచు మోపుతో వంగి గడ్డిలో అడుగుపెట్టాడు. తలలన్నీ ఒకేసారి లేచాయి. కోటును చూశాయి. కిందికి చూశాయి. తర్వాత తొందరేమీ లేకుండా, ఒకదాని వెనక ఒకటి, నీళ్లలోకి జారిపోయాయి.

ఇంటికి వచ్చేసరికి హాల్దిస్ కిటికీ దగ్గర దుర్భిణీతో కూర్చుని ఉంది.

"పావడా ఏది?"

"కోటు వేసుకున్నాగా."

"పైసగం నేను. కిందిసగం ఎవరు?"

అతను తలగుడ్డ విప్పాడు. "నీ పరువు ముఖ్యమైతే చేపలకే పో" అని, ఆమె దుర్భిణీని మళ్లీ కళ్లకు పెట్టుకుంది.

ఆ మర్నాడు పావడా కట్టుకున్నాడు. రేవు దగ్గర ఓద్వార్ కుంచె నిజంగానే కింద పడేసుకున్నాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకుని, "శుభోదయం హాల్దిస్ వదినా, కాలు ఎలా ఉంది, గడ్డం ఎప్పుడు మొలిచింది?" అన్నాడు. ఐలెర్ట్ నడుస్తూనే పోయాడు. ఉన్ని పావడా కాళ్లకు అడ్డం పడుతూ, మంచుకు తడిసి బరువెక్కుతూ, చిన్న అడుగులు వేయించింది. పావడాలో పెద్ద అంగలు వెయ్యడం ఎవరివల్లా కాదని అప్పుడు తెలిసింది. వదిన నడక అతనికి దానంతట అదే వచ్చేసింది.

తలలు లేచాయి. చూశాయి. మళ్లీ గడ్డిలోకి వంగాయి.

అతను మొదటి గూటి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పాత నాచు లాగేసి, కొత్తది ఇసుక రాలేదాకా దులిపి, లోపలికి దట్టంగా కూరాడు. మధ్యలో గుంట చెయ్యాలి. దానికి పిడికిలి పనికిరాదు, మోకాలే ఆనించాలి, బాతు బరువుకు దిగినంతే దిగాలి అని వదిన చెప్పింది. మోకాలు ఆనించి, తీసి, చూశాడు. బాగానే ఉంది. నాలుగడుగుల దూరంలో ఒక ఆడబాతు నిలబడి, అతను పక్కకు తప్పుకోవడం కోసం చూస్తోంది. కళ్లలోకి చూడకూడదని గుర్తొచ్చి నేల చూపులు చూస్తూ జరిగాడు. అది అతని పావడా అంచు పక్కనుంచే లోపలికి వెళ్లింది. ఒకసారి చుట్టూ తిరిగి, ముక్కుతో నాచు అటూ ఇటూ సర్ది, కూర్చుంది.

ఐలెర్ట్‌కు లేవాలనిపించలేదు. ఎంతసేపు అలాగే ఉన్నాడో, మోకాలి కింద పావడా నానిపోయింది.

ఆ వారమంతా వల నీళ్లలో పడలేదు. గూళ్ల పనే సరిపోయింది. పొద్దున్నే గట్టు, తర్వాత నాచు ఆరబెట్టడం, పడిపోయిన పలకలు నిలబెట్టడం. సాయంత్రం వదినకు ఏ గూట్లో ఎవరు దిగారో చెప్పడం. ఆమె ఒక్కొక్క బాతునూ ఆనవాలు పడుతూ, ఫలానాది మెడ మీద మచ్చది అయితే అది పలక తిరిగున్న గూటికే పోతుంది, నువ్వు పొరపాటు చూశావు అని దిద్దేది. నిరుటి ఖాళీ గూళ్లలో కూడా కొన్ని నిండాయి. అది చెప్పినప్పుడు హాల్దిస్ అతని కప్పులో కాఫీ పోసింది.

ఓద్వార్ పడవ తారు ఆరి నీళ్లలోకి దిగిన పొద్దున ఐలెర్ట్ గట్టు మీదే ఉన్నాడు. రాయి చాటున కూర్చుని ఒక పలక కింద చీలిక బిగిస్తున్నాడు. టుక్ టుక్ మని మొదలైంది. ఆ చప్పుడు అతనికి చిన్ననాటి నేస్తం లాంటిది, అతని ఇంజనూ అదే రకం. పడవలో ఉంటే అది కాళ్ల కింద సన్నటి వణుకు, అంతే. గట్టు మీద అలా లేదు. కయ్యలోకి వచ్చేసరికి ఎదుటి రాతిదిబ్బ ఆ చప్పుడును పట్టి రెండింతలు చేసి ఇటు విసిరింది. ముందు బాతులు మెడలు నేలకు ఆనించి అణిగాయి. తర్వాత ఒకటి లేచింది. అది లేవగానే అన్నీ లేచాయి. గుడ్ల మీద రెట్ట చిమ్ముతూ, రెక్కలు గడ్డికి కొట్టుకుంటూ, పడుతూ లేస్తూ నీళ్లలోకి ఉరికాయి.

నల్లరెక్కల సముద్రపు కాకులు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియదు. దిబ్బ మీద కూర్చుని ఈ పడవ కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంది. ఒకటి పలక మీద వాలి తల వంచి లోపలికి చూసింది. అరవడానికి ఐలెర్ట్ నోరు తెరిచాడు. గట్టు చివరన ఇంకా కొన్ని కదలకుండా కూర్చుని ఉన్నాయి. అరిస్తే అవీ పోతాయి. నోరు మూసుకున్నాడు. నోరు మూసుకుని, పావడా రెండు చేతులా పట్టుకుని, వంగి పరుగెత్తాడు. అతను చేరేలోగా కాకి ముక్కున గుడ్డుతో లేచింది. పక్క గూటి దగ్గర రెండోది తినడం కూడా ముగించింది.

కయ్య చివర పడవ మలుపు తిరుగుతోంది. ఓద్వార్ చుక్కాని దగ్గర సముద్రానికి మొహం పెట్టి, గట్టుకు వీపు పెట్టి, పైపు వెలిగించుకుంటున్నాడు. ఐలెర్ట్ ఆ వీపు వైపు అది కనుమరుగయ్యేదాకా చూశాడు. ఎన్నో ఏళ్లుగా ఈ గట్టుకు తనూ అదే వీపు చూపించాడు.

పెంకులు ఏరి కోటు జేబులో వేసుకుని, ఇంటికి వచ్చి బల్ల మీద పెట్టాడు. లేత ఆకుపచ్చ పెంకులు, లోపల ఇంకా తడి. హాల్దిస్ వాటిని చూసింది. చెప్పానా అనలేదు. అంటే బాగుండుననిపించింది అతనికి.

ఆ మధ్యాహ్నమే తన పడవ విప్పి, తెడ్ల మీద దీవి చుట్టూ తిప్పి పడమటి రేవుకు తీసుకుపోవడానికి సిద్ధమయ్యాడు. ఓద్వార్ చేపల బుట్టలు దింపుతూ చూశాడు.

"ఏం ఐలెర్టమ్మా, పడవతో ఎక్కడికి?"

"పడమటికి. గుడ్ల నెల అయ్యేదాకా అక్కడే. నువ్వూ రా. లేదంటే కయ్య దాటేదాకా తెడ్లు వెయ్యి."

"పడమటి రేవుకు గాలికి అడ్డమే లేదు. అక్కడ పడవ కట్టేవాడికి పిచ్చైనా ఉండాలి, రెండో పడవైనా ఉండాలి. నాకు రెండూ లేవు."

ఐలెర్ట్ పొద్దున చూసింది చెప్పాడు. చెప్పడం అతనికి చేతకాదు. ఇంజను, కాకి, గుడ్డు అని మూడు ముక్కల్లో అయిపోయింది. ఓద్వార్ నవ్వలేదు. బుట్ట కింద పెట్టి, "బాతులు మీ వదినకు నూగు ఇస్తాయి. నాకేమిస్తాయిరా? నా చేపలు ఈ కయ్య అవతలే ఉన్నాయి" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. ఐలెర్ట్ తెడ్లు అందుకున్నాడు.

బుట్టలు అందుకోవడానికి వచ్చిన ఓద్వార్ భార్య సిగ్నే మాత్రం, పడవ దిబ్బ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉంది.

రెండు రోజులకు పడమటి గాలి లేచింది. ఐలెర్ట్ గట్టు మీద ఉండగానే మబ్బు చీలికలై పరుగెత్తింది, దీవి అవతలి వైపు నుంచి అలల మోత మొదలైంది. బట్టలు మార్చుకునే వ్యవధి లేదు. పావడా ఎత్తిపట్టి కొండ ఎక్కాడు. పైనుంచి చూస్తే పడవ తాడు చివర గుర్రంలా ఎగురుతోంది, ప్రతి అలకూ దాని పక్క రాతికి ఇంకాస్త దగ్గరవుతోంది. దిగి, నడుము లోతు నీళ్లలోకి వెళ్లి, పడవకూ రాతికీ నడుమ వీపు పెట్టి నిలబడ్డాడు. పావడా నీళ్లలో గంటలా ఉబ్బి పైకి తేలింది. ఒక అల వచ్చి పడవతో పాటు అతన్నీ రాతికి నొక్కింది. ఒక పలక చిట్లిన చప్పుడు అతని పక్కటెముకల్లోంచే వచ్చినట్టనిపించింది.

కొండ మీద ఎవరో నవ్వుతున్నారు. ఆగకుండా, ఊపిరి అందనట్టు నవ్వుతున్నారు. ఓద్వార్. గాలి చూసి తమాషాకే వచ్చి ఉంటాడు. నవ్వు అలా దిగుతూ దిగుతూ ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. తర్వాత నీళ్లు చిందిన చప్పుడు. ఓద్వార్ పడవ అవతలి కొసను భుజంతో పట్టాడు.

"ముందు ఆ పావడా పైకి దోపుకోరా. నాకు పడవ కనబడటం లేదు."

అల తగ్గినప్పుడల్లా ఒక జానెడు. అలా లాగి లాగి, చివరికి గులకరాళ్ల మీదికి ఎక్కించారు. ఇద్దరూ పడవకు ఆనుకుని కూర్చున్నారు. ఓద్వార్ పళ్లు టకటకమంటున్నాయి. చిట్లిన పలక మీద వేళ్లతో రాసి చూశాడు. పైపు తీశాడు, అది నీళ్లతో నిండి ఉంది, వంచి పారబోశాడు.

"నిజంగానే మానవన్నమాట" అన్నాడు.

"మానను."

"పడవ పోయినా?"

ఐలెర్ట్ పావడా అంచు పిండుకున్నాడు. "ఆరాలి. రేపు పొద్దునకు ఇది కావాలి."



మర్నాడు ఐలెర్ట్ గట్టు మీద రాయి చాటున, ఓద్వార్ బయల్దేరే వేళకు కూర్చున్నాడు. టుక్ టుక్ మొదలవలేదు. చాలాసేపటికి కొయ్య మీద కొయ్య కీచుమంది. బరువైన పడవ నెమ్మదిగా కయ్యలోకి వచ్చింది. ఒక తెడ్డు దగ్గర ఓద్వార్, ఇంకో తెడ్డు దగ్గర తలగుడ్డ బిగించి కట్టుకున్న సిగ్నే. తెడ్డు వేసేవాడు వెనక్కి చూస్తూ కూర్చుంటాడు కాబట్టి ఓద్వార్ మొహం గట్టు వైపే ఉంది. బాతులు మెడలు ఎత్తాయి. చూశాయి. దించాయి. ఓద్వార్ తెడ్డు గాల్లో ఆగిపోయింది. సిగ్నే మోచేత్తో పొడిచాక మళ్లీ కదిలింది.

ఇంజను వేస్తే చేపలు నువ్వే తోముకో, నువ్వే వండుకో అని ఆమె అన్నదట. హాల్దిస్‌కు ఆమే చెప్పింది, సాయంత్రం రొట్టె తెచ్చినప్పుడు. "అయినా అది కాదక్కా, రాత్రి పొయ్యి దగ్గర బట్టలు ఆరబెట్టుకుంటూ తనే అడిగాడు, నీ చేతులు తెడ్డు పట్టగలవా అని."

మే పదిహేడు దేశానికి రాజ్యాంగం వచ్చిన రోజు, జెండాల పండగ. వేరే ఊళ్లలో బాకాలు, డప్పులు, తుపాకులు. స్కాల్‌వేర్‌లో పక్షులు గుడ్ల మీద ఉంటే ఊరేగింపు నోరు మూసుకునే సాగుతుంది. కాలు కదపలేని హాల్దిస్ తప్ప దీవిలో ఉన్న మూడిళ్ల మనుషులూ మంచి బట్టలు తొడుక్కుని, జెండాలు పట్టుకుని, కుక్కను కట్టేసి, గడ్డి మీదుగా నడిచి పడమటి కొండ దాటి, అక్కడ సముద్రానికి ఎదురుగా నిలబడి ఒక్క పాట పాడి వచ్చారు. ఆ తర్వాత భోజనం హాల్దిస్ ఇంట్లో.

గుమ్మం దగ్గర ఐలెర్ట్ అందర్నీ ఆపి, ఇంటి వెనక్కి చూపించాడు. వీధి తలుపు తీసి అప్పటికి మూడు రోజులైంది. గుమ్మం మెట్టు కింద ఒక బాతు దిగింది. నేల పలకల కింద ముక్కుతో నాచు సర్దుకునే చప్పుడు హాల్దిస్ ముందుగా విని, తలుపు తియ్యకు అంది. యోర్గెన్ పోయిన ఏటి నుంచి ఆ మెట్టు కిందికి ఏదీ రాలేదు.

కాబట్టి అందరూ వంటింటి కిటికీలోంచి ఎక్కారు. సిగ్నే మంచి పావడా మోకాళ్లదాకా ఎత్తుకుని ఎక్కింది. ఓద్వార్ ముందు ఒక బుట్ట అందించాడు. అందులో నాచు, నాచులో మచ్చలున్న పెద్ద పెద్ద గుడ్లు.

"ఎక్కడివి?" అని హాల్దిస్ పెదవులతోనే అడిగింది.

"దొంగల ఇంట్లోవి" అని ఓద్వార్ గుసగుసగా చెప్పి, రాతిదిబ్బ వైపు బొటనవేలితో చూపించాడు. నల్లరెక్కల కాకుల గూళ్లన్నీ గాలించి తెచ్చాడు. అతని ఎడమ చెవి మీద ముక్కుతో పొడిచిన గాటు ఉంది. తర్వాత తను ఎక్కబోయి, కిటికీ చట్రంలో పొట్ట దగ్గర ఇరుక్కున్నాడు. ఐలెర్ట్ లోపలినుంచి చేతులు పట్టి లాగాడు. సిగ్నే నవ్వు బయటికి రాకుండా తలగుడ్డ నోట్లో కుక్కుకుంది. ఎవరూ చప్పుడు చెయ్యలేదు.

గుడ్లు ఉడికాయి. బల్ల మీద కరకరలాడే పలచటి రొట్టె, వెన్న, ఉప్పు. హాల్దిస్ కట్టు కాలు పీట మీద చాపుకుని, మొదటి గుడ్డు తీసి ఐలెర్ట్ పళ్లెంలో పెట్టింది. తర్వాత యోర్గెన్ కుర్చీని కట్టులేని కాలితో కాస్త వెనక్కి నెట్టి, అతని వైపు చూసింది. అతను తన ముక్కాలిపీట మీంచి లేచి, పళ్లెం పట్టుకుని, ఆ కుర్చీలో కూర్చున్నాడు. పొద్దున గట్టుకు తొడిగిన నీలం కోటు ఇంకా ఒంటి మీదే ఉంది.

పెంకును చెంచాతో కొట్టకుండా వేళ్లతో నొక్కి ఒలుచుకున్నారు. ఉప్పు చేతి నుంచి చేతికి వెళ్లింది. ఓద్వార్ రొట్టె విరచబోయి, ఆగి, వెన్నలో నానబెట్టి మెత్తగా చేసుకుని తిన్నాడు.

నేల పలకల కింద బాతు ఒకసారి సర్దుకుంది. అందరి నోళ్లూ ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ తినసాగారు.